50 మీటర్ల దగ్గర 8 మిల్లీమీటర్లు: పాయింట్ టూటూ ప్రోన్‌లో పదులు ఎక్కడ పోతున్నాయి

50 మీటర్ల రైఫిల్ టార్గెట్ మీద పది రింగు (పది పాయింట్లు ఇచ్చే నడిమి వలయం) వ్యాసం 10.4 మి.మీ. పాయింట్ టూటూ (.22 క్యాలిబర్) బుల్లెట్ వ్యాసం 5.6 మి.మీ. రంధ్రం అంచు రింగు గీతను తాకినా పదే ఇస్తారు. అంటే బుల్లెట్ నడిమధ్య, టార్గెట్ నడిమధ్య నుంచి ఎటువైపైనా 8 మి.మీ. లోపల పడితే పది. ఇంకో 8 దాకా తొమ్మిది. ఈ పోస్టంతా ఆ మొదటి 8 మిల్లీమీటర్లను ఎవరు తినేస్తున్నారో పట్టుకోవడం గురించే.

మన దగ్గర సరదాగా పాయింట్ టూటూ పట్టేవాళ్లలో చాలామందికి దొరికే దూరం ఈ 50 మీటర్లే. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నాలుగు గోడల మధ్య నడుస్తుంది, అక్కడ గాలి గొడవ లేదు. మన హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది అందులోనే. అదే ఒలింపిక్స్‌లో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చే పోటీ)‌లో జోయ్‌దీప్ కర్మాకర్ నాలుగో స్థానంలో ఆగిపోయాడు. 2016 రియో తర్వాత ప్రోన్‌ను విడి పోటీగా ఒలింపిక్స్ నుంచి తీసేశారు గానీ, 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలేకి కాంస్యం తెచ్చిన 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో మోకాలి మీద, బోర్లా పడుకుని, నిలబడి మూడు రకాలుగానూ కాల్చాలి. నేర్చుకునేవాళ్లు ముందు బోర్లా పడుకుని కాల్చడమే నేర్చుకోవాలి. ఆ భంగిమలో ఒళ్లు చేసే తప్పు అన్నిటికన్నా తక్కువ. తూటా చేసే తప్పు, గాలి చేసే తప్పు బయటపడేది అప్పుడే.

పాయింట్ టూటూ కొనాలంటే 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు ఉండాలి. అందుకని మొదట్లో క్లబ్బు రైఫిల్‌తోనే కాల్చండి, తొందరపడి ఏదీ కొనకండి. బోల్ట్ తెరిచి, ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) ఫ్లాగ్ (తూటా లేదని చూపే గుర్తు) పెట్టి ఉంచడం కాల్చని ప్రతి క్షణమూ పాటించాల్సిందే.

ముందు లెక్క

తప్పులు మామూలు కూడికలా కలవవు. తూటాల వల్ల వచ్చే చెదురు 3 మి.మీ., మీ పట్టు వల్ల వచ్చేది 4 అనుకుందాం. మొత్తం 7 కాదు, 5. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీయాలి. ఇప్పుడు ఖరీదైన తూటాలు కొని 3ని 1.5కి దించారనుకోండి, మొత్తం 4.3 దగ్గరే ఆగుతుంది. అదే పట్టును 4 నుంచి 2కి తెచ్చుకుంటే 3.6కి వస్తుంది, పైగా పైసా ఖర్చు లేదు. పెద్ద తప్పును వదిలేసి చిన్నదాని మీద డబ్బు పెట్టడం ఈ హాబీలో అందరూ చేసే పనే. కాబట్టి ఏది పెద్దదో ముందు కొలవాలి.

కొలవడం మొదలుపెట్టాల్సింది రైఫిల్, తూటా జంటతో. మీరు పట్టుకోకుండా, ముందు రెస్ట్ మీద, వెనక ఇసుక సంచి మీద పెట్టి కాల్చండి. పొద్దున్నే రేంజ్‌లో గాలి జెండాలు కదలకుండా వేలాడుతున్న వేళ చూసుకోండి. తూటా రకం మార్చినప్పుడల్లా మొదటి 15, 20 తూటాలు లెక్కలోకి తీసుకోవద్దు. ఒక్కో కంపెనీ బుల్లెట్‌కి ఒక్కో రకం మైనం పూస్తుంది, కొత్త మైనం బ్యారెల్‌కి పట్టేదాకా దెబ్బలు చెదురుతూనే ఉంటాయి. ఆ తర్వాత పదేసి తూటాల గ్రూపులు (ఒకే గురితో వరుసగా కాల్చిన దెబ్బల గుంపులు) నాలుగు. ప్రతి గ్రూపులో అన్నిటికన్నా దూరంగా ఉన్న రెండు రంధ్రాల మధ్య దూరాన్ని కేంద్రం నుంచి కేంద్రానికి కొలవండి. అది 16 మి.మీ. దాటకపోతే ఆ రైఫిల్ ఆ తూటాతో పదికి పది పదులు కొట్టగలదని దాదాపుగా చెప్పొచ్చు. ఆపైన తప్పంతా మీదీ గాలిదీ. ఐదు తూటాల గ్రూపులు చూసి మురిసిపోవద్దు. తూటాలు తక్కువైతే గ్రూపు ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది.

ఇక్కడ పెట్టె మీద పేరు కన్నా లాట్ (ఒకేసారి తయారైన తూటాల బ్యాచ్) నంబరు ముఖ్యం. ఒకే టెనెక్స్, ఒకే ఆర్ 50 (ఇవి ఖరీదైన మ్యాచ్ తూటాల పేర్లు), రెండు లాట్లు ఒకే బ్యారెల్‌లో రెండు రకాలుగా పోతాయి. ఒక లాట్ మీ బ్యారెల్‌కి కుదిరిందంటే సీజన్‌కి సరిపడా అదే లాట్ తీసిపెట్టుకోండి. ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్ లాంటి చౌక రకంలో కుదిరిన లాట్, ఖరీదైన రకంలో కుదరని లాట్ కన్నా మంచి గ్రూపులు పెట్టడం మామూలే.

ఎందుకిలా అంటే, ఎక్కువ భాగం వేగంలో తేడా. మ్యాచ్ తూటా సెకనుకు సుమారు 330 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. ధ్వని వేగం దాటకుండా కావాలనే అలా చేస్తారు. ధ్వని వేగాన్ని దాటిన బుల్లెట్ మళ్లీ దాని కిందికి దిగేటప్పుడు కుదుపుకు లోనవుతుంది, పక్కగాలికి ఎక్కువ కొట్టుకుపోతుంది కూడా. 50 మీటర్లు చేరడానికి దానికి 0.16 సెకన్లు పడుతుంది, ఆలోపు 12 సెం.మీ. కిందికి దిగుతుంది. ఒక తూటా 330తో, ఇంకోటి 320తో బయల్దేరితే టార్గెట్ మీద నిలువునా 7 మి.మీ. పైగా తేడా వచ్చేస్తుంది. అంటే 8లో దాదాపు అంతా తూటాయే తినేసింది. రెస్ట్ మీద కాల్చినా గ్రూపు నిలువు గీతలా సాగుతుంటే అనుమానించాల్సింది దీన్నే.

తూటా పెట్టెను ఎండలో చాప మీద వదిలేయకండి. మైనం మెత్తబడుతుంది, మందు వేడెక్కి వేగం మారుతుంది. నీడలో, మూత వేసి, ఒక్కోటే తీసుకుని కాల్చండి.

బాగా కాలుస్తున్న లాట్ హఠాత్తుగా అక్కడక్కడా దూరంగా ఒక్కోటి వదలడం మొదలుపెడితే ఛాంబర్ ముందుభాగం చూడండి. తూటా కేసు (ఇత్తడి గొట్టం) మూతి ఆగే చోట మసి గట్టిపడి ఉంగరంలా పేరుకుంటుంది. శుభ్రం చేయాల్సింది వెనక నుంచే, బోర్ గైడ్ పెట్టి. బ్యారెల్ మూతి వైపు నుంచి రాడ్ దోపితే దాని కొస అంచు అరిగి, ఇక ఆ రైఫిల్ ఎప్పటికీ కుదురుగా కాల్చదు. సాల్వెంట్‌తో తడిపిన గుడ్డముక్క, పది నిమిషాలు ఆగడం, ఆ ఉంగరం ఉన్నచోట మాత్రం కంచు బ్రష్షుతో కొద్దిసార్లు, తర్వాత పొడి గుడ్డలు. 200, 300 తూటాలకి ఒకసారి చాలు.

యాక్షన్‌ను (బ్యారెల్ వెనక, బోల్ట్ ఉండే లోహ భాగాన్ని) స్టాక్‌కి (రైఫిల్ ఒంటికి) బిగించే మరలు రెండు. టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో బిగిస్తే ప్రతిసారీ వేరే రైఫిల్ తయారైనట్టే. మాన్యువల్‌లో చెప్పిన అంకె పట్టుకోండి. చాలా టార్గెట్ రైఫిళ్లకి అది 5 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ముందుదీ వెనకదీ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. చెక్క స్టాక్ అయితే వానాకాలం తేమకి ఉబ్బుతుంది, వేసవికి బిగువు తగ్గుతుంది. రెండు కాలాల మొదట్లోనూ ఒకసారి చూసుకోవాలి.

పడుకోవడం

కుడిచేతివాళ్లకి చెబుతున్నా, ఎడమవాళ్లు తిప్పుకోండి. ఒళ్లు టార్గెట్ గీతకి కొద్దిగా ఎడమవైపు వాలి, ఎడమకాలు తిన్నగా, కుడి మోకాలు కొంచెం పైకి మడిచి. మోకాలు మడిస్తే పొట్ట చాప మీద నుంచి కొంత లేస్తుంది, ఊపిరి, గుండె కొట్టుకోవడం రైఫిల్‌కి తక్కువ అందుతాయి. ఎడమ మోచేయి రైఫిల్ కిందికి, కొద్దిగా ఎడమకి. నేల నుంచి ఎడమ ముంజేయి కోణం 30 డిగ్రీలకి తగ్గకూడదు. అది పోటీ నియమం.

రైఫిల్ బరువంతా స్లింగ్ (చేతికి తగిలించుకునే పట్టీ) మొయ్యాలి, ఎడమచేతి కండరం కాదు. అరచేయి తెరిచి ఉండాలి, వేళ్లు ఫోరెండ్ (స్టాక్ ముందుభాగం)‌ను నొక్కకూడదు. స్లింగ్ సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష ఒకటుంది. కుడిచేయి పూర్తిగా వదిలేసినా రైఫిల్ భుజంలోంచి జారకుండా టార్గెట్ చుట్టుపక్కలే నిలబడాలి. పడిపోతోందంటే స్లింగ్ వదులు, లేదా హ్యాండ్‌స్టాప్ (ఎడమచేయి ఆనే అడ్డు) మరీ వెనక్కి ఉంది.

ఫోర్‌సైట్ (బ్యారెల్ కొసన ఉండే ముందు సైట్) రింగు గుండెతో పాటు టిక్ టిక్‌మని ఎగురుతుంటే స్లింగ్ చేతి మధ్యలో, రక్తనాళం మీద కూర్చుందన్నమాట. దాన్ని భుజం దగ్గరికి, కండ పైకి జరిపి జాకెట్ కొక్కేనికి తగిలించండి. ఎగరడం చాలావరకు తగ్గుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. గురి పెట్టి, కళ్లు మూసుకుని, రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి, వదిలాక వచ్చే సహజమైన విరామంలో కళ్లు తెరవండి. రింగు ఎక్కడుందో ఒళ్లు చూపించదలుచుకున్నది అక్కడికే. టార్గెట్ నల్ల వృత్తం రింగు మధ్యలో లేకపోతే చేత్తో నెట్టి సరిచేయొద్దు. నెట్టిన కండరం ట్రిగ్గర్ తెగే క్షణంలో వదులైపోతుంది, దెబ్బ అటే పోతుంది. ఎడమ మోచేతిని కదపకుండా తుంటిని జరపండి. రైఫిల్ మూతి కుడికి రావాలంటే తుంటి ఎడమకి, మూతి ఎడమకి రావాలంటే తుంటి కుడికి. ఎత్తు మార్చాలంటే హ్యాండ్‌స్టాప్: ముందుకి జరిపితే మూతి దిగుతుంది, వెనక్కి జరిపితే లేస్తుంది. ఒకేసారి 2, 3 మి.మీ. మించొద్దు. జరిపాక మళ్లీ కళ్లు మూసుకుని చూడండి. పది తూటాలకొకసారి ఈ పరీక్ష చేసేవాళ్ల గ్రూపులు అడ్డంగా చెదరవు.

ఊపిరి పీల్చినప్పుడు మూతి కిందికి, వదిలినప్పుడు పైకి కదలాలి, అదీ తిన్నగా నిలువునా. ఏటవాలుగా కదులుతోందంటే మోచేయి రైఫిల్ కింద లేదు. విరామం మొదలయ్యాక 6 నుంచి 8 సెకన్లలో దెబ్బ వదలాలి. దాటితే దించేయండి. కన్ను ఆ బొమ్మను పట్టేసుకుంటుంది, రింగు కదిలినా తెలియదు.

తూటా బ్యారెల్లో ఉండేది సుమారు 3 మిల్లీసెకన్లు. చిన్నదే, కానీ ఆ సమయంలో తల ఎత్తినా, వేలు ట్రిగ్గర్ మీద నుంచి ఎగిరినా టార్గెట్ మీద కనిపిస్తుంది. దెబ్బ పడ్డాక ఒక సెకను అలాగే గురి చూస్తూ ఉండండి. అప్పుడు స్కోరు తెర వైపు చూడకముందే ‘ఇది తొమ్మిదిన్నర, మూడు గంటల వైపు’ అని మనసులో చెప్పేయండి. తర్వాత చూడండి. మీరు చెప్పిన చోటే పడితే తప్పు మీది, సరిదిద్దుకోవచ్చు. మీరు నడిమధ్య అన్నది పక్కకి పడితే అది గాలిదో తూటాదో. ఈ అలవాటు లేకుండా వెయ్యి తూటాలు కాల్చినా ఏది ఎవరి తప్పో తేలదు.

రైఫిల్ ఒక పక్కకి వాలడం గురించి కొంతమంది అనవసరంగా భయపడతారు. తూటా 12 సెం.మీ. దిగుతుంది కాబట్టి, ఒక డిగ్రీ వాలితే దెబ్బ పక్కకి 2 మి.మీ. జరుగుతుంది. ప్రతిసారీ అదే వాలు ఉంటే జీరో చేసినప్పుడే (దెబ్బలు నడిమధ్య పడేలా సైట్ సరిచేసినప్పుడే) అది సర్దుకుపోతుంది. నష్టమంతా వాలు దెబ్బ దెబ్బకీ మారినప్పుడే. ఫోర్‌సైట్‌లో బుడగ మట్టం పెట్టుకుంటే తెలిసిపోతుంది.

సైట్లు

ఫోర్‌సైట్ రింగు మరీ చిన్నది వాడటం కొత్తవాళ్ల పొరపాటు. 112.4 మి.మీ. నల్ల వృత్తం చుట్టూ తెల్లటి పట్టీ ఇరుకైతే కన్ను కంగారుపడి దెబ్బను ఆలస్యం చేస్తుంది. సుమారు 3.8 మి.మీ. నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లి చూడండి. వెనక సైట్ ఐరిస్ (చూసే రంధ్రం) 1.1 మి.మీ. దగ్గర చాలామందికి సరిపోతుంది. ఎండ ఎక్కితే కొంచెం మూయండి, మబ్బు పడితే తెరవండి.

సైట్ క్లిక్ (సైట్ మరను ఒక్క మెట్టు తిప్పడం) దెబ్బను ఎంత జరుపుతుందో పుస్తకంలో చూసి ఊరుకోవద్దు. ఐదు కాల్చి, కుడికి 20 క్లిక్కులు తిప్పి, ఇంకో ఐదు కాల్చి, రెండు గ్రూపుల మధ్య దూరాన్ని 20తో భాగించండి. తర్వాత 20 వెనక్కి తిప్పి మళ్లీ ఐదు. మొదటి గ్రూపు మీదే పడకపోతే సైట్ మరలో ఆట ఉంది. అలాంటప్పుడు ఎప్పుడూ ఒకేవైపు నుంచి అంకెకి చేరుకోండి: కావలసినదాన్ని దాటిపోయి తిరిగి రావాలి. రెండు సైట్ల మధ్య 80 సెం.మీ. ఉన్న రైఫిల్‌లో సైట్ పదోవంతు మిల్లీమీటరు కదిలితే 50 మీటర్ల దగ్గర 6 మి.మీ. పైనే. రెయిల్ మీద వదులుగా కూర్చున్న సైట్ ఒక్కరోజు పదులన్నీ పోగొట్టడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

గాలి

సెకనుకు ఒక మీటరు పక్కగాలి 50 మీటర్ల దగ్గర మ్యాచ్ తూటాని సుమారు 6.5 మి.మీ. నెడుతుంది. సెకనుకు 1.2 మీటర్ల గాలి చాలు, నడిమధ్య గురి పెట్టిన దెబ్బ పది అంచుకి చేరిపోవడానికి. అంత గాలికి పొగ వాలుతుంది గానీ ఆకు కదలదు. ‘ఇవాళ గాలే లేదు’ అనుకున్న రోజున తొమ్మిదులు వచ్చేది ఇందుకే. ముఖానికి తెలిసే గాలి, ఆకులు గలగలమనే గాలి అయితే 10 నుంచి 20 మి.మీ. దాకా లాగేస్తుంది.

దిశ కూడా లెక్కే. అడ్డంగా వచ్చే గాలిది పూర్తి ప్రభావం. కాల్చే గీతకి 45 డిగ్రీల్లో వస్తే పదింట ఏడు వంతులు, 30 డిగ్రీలైతే సగం. ఎదురుగాలి, వెనకగాలి 50 మీటర్లకి పెద్దగా ఏమీ చేయవు. కానీ ఎదురుగాలి తోకలా అటూ ఇటూ ఊగుతుంటే అన్నిటికన్నా ప్రమాదం అదే. జెండా కొద్దిగా వాలు మారితే చాలు, కుడి నెట్టుడు ఎడమ నెట్టుడైపోతుంది.

మన రైఫిళ్ల బ్యారెల్ మెలిక కుడివైపుకి ఉంటుంది. అందుకని ఎడమ నుంచి వచ్చే గాలి తూటాను కుడికి నెడుతూ కొంచెం కిందికి కూడా దించుతుంది, నాలుగు గంటల వైపు. కుడి నుంచి వచ్చేది పది గంటల వైపుకి, ఎడమకీ పైకీ. గ్రూపు పది నుంచి నాలుగుకి ఏటవాలుగా సాగి ఉంటే మీ పట్టును అనుమానించకండి, అది గాలి సంతకం. సైట్ సరిచేసేటప్పుడు అడ్డం ఒక్కటే కాదు, ఒకటి రెండు క్లిక్కులు ఎత్తు కూడా మార్చాలి.

50 మీటర్ల రేంజ్‌లో జెండాలు 10 మీటర్ల దగ్గర, 30 మీటర్ల దగ్గర ఉంటాయి. ముందుది ఎక్కువ నమ్మండి. తూటా బయల్దేరగానే తిన్న పక్కదెబ్బ మిగతా దారంతా పెరుగుతూ పోతుంది, టార్గెట్ దగ్గర తిన్నదానికి పెరగడానికి చోటే ఉండదు. రెండు జెండాలూ ఎదురెదురు దిక్కులు చూపిస్తుంటే కాల్చకపోవడమే మేలు.

ఎండ ముదిరాక జెండా కన్నా ముందు చెప్పేది ఎండమావి. స్కోప్ ఫోకస్‌ను టార్గెట్‌కి కాస్త ఇవతలికి తెచ్చి చూస్తే సెగ అల కనిపిస్తుంది. ఒకవైపు పారుతుంటే గాలి అటు వెళ్తోంది. నిలువుగా మరుగుతున్నట్టుంటే గాలి ఆగిందో, దిశ మారబోతోందో, లేదా కాల్పుల గీత వెంటే వీస్తోందో. ఆ మరిగే క్షణంలో దెబ్బ వదలొద్దు.

పద్ధతి ఏమిటంటే, సైటింగ్ సమయంలో (లెక్కలోకి రాని మొదటి పరీక్ష దెబ్బలప్పుడు) ఆ పూట ఎక్కువసేపు నిలిచే గాలి ఏదో గమనించి, ఆ గాలిలోనే సైట్‌ను నడిమధ్యకి తెచ్చుకోండి. తర్వాత అది తగ్గినప్పుడు రెండు, తిరగబడినప్పుడు రెండు కావాలని కాల్చి ఎన్ని క్లిక్కుల తేడానో రాసుకోండి. ఆపైన ఎంచుకున్న గాలిలోనే కాల్చండి. ప్రోన్ మ్యాచ్‌లో ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద 60 దెబ్బలకి 50 నిమిషాలు, అంటే దెబ్బకి 50 సెకన్లు. గాలి కుదిరినప్పుడు 25 సెకన్లకొకటి వదిలితే కుదరనప్పుడు వేచి ఉండటానికి బోలెడు సమయం మిగులుతుంది. గాలి పూర్తిగా మారిపోయి తిరిగి రాదనిపిస్తే క్లిక్కులు తిప్పి, మళ్లీ నిలకడ కోసం చూడండి. రింగు సైట్‌తో పక్కకి గురిపెట్టి కాల్చడం కొత్తవాళ్లు చేయకపోవడమే మంచిది. రింగులో వృత్తం మధ్యలో ఉన్నప్పుడే కన్ను తేడా పట్టగలదు.

గ్రూపు చూసి కారణం

రెస్ట్ మీద నిలువు చెదురు లేదు, పడుకున్నప్పుడు మాత్రం ఉందంటే అది ఊపిరి లేదా కుడి మోచేయి. తూటా నింపి వచ్చిన ప్రతిసారీ కుడి మోచేయి వేరే చోట పడుతోంది. చాప మీద సుద్దతో గుర్తు పెట్టి చూడండి. దెబ్బలు మెల్లగా ఒక్కో మిల్లీమీటరూ కిందికి పాకుతుంటే స్లింగ్ జారుతోంది లేదా ఎడమ మోచేయి ముందుకి జారుతోంది. రెండు చిన్న గ్రూపులు పక్కపక్కనే ఏర్పడితే చెంప రెండు చోట్ల ఆనుతోంది, లేదంటే సైటో యాక్షన్ మరో వదులు. ఒక్కటే దూరంగా, అదీ మీరు మంచిదని చెప్పుకున్న దెబ్బ అయితే దాన్ని పట్టించుకుని సైట్ తిప్పొద్దు. మూడు దెబ్బలు ఒకేవైపు పడ్డాక తిప్పండి.

ఇంట్లో ఖాళీ రైఫిల్‌తో సాధన చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. పాయింట్ టూటూలో ఫైరింగ్ పిన్ కేసు అంచును కొడుతుంది. ఛాంబర్ ఖాళీగా ఉంటే కొన్ని రైఫిళ్లలో అది ఛాంబర్ అంచుకే తగిలి గంటు పెడుతుంది. మాన్యువల్‌లో ఒప్పుకుంటేనే చేయండి, లేకపోతే కంపెనీ ఇచ్చే డ్రైఫైర్ పరికరం పెట్టుకోండి.

విదేశాల్లో ఉండి 100 గజాలు, 100 మీటర్లు కాల్చే మన వాళ్లకి: పద్ధతంతా ఇదే, అంకెలే మారతాయి. తూటా 50 సెం.మీ. పైగా దిగుతుంది. సెకనుకు మీటరు గాలికి 25 మి.మీ. దగ్గర పక్కకి పోతుంది. వేగంలో 10 మీటర్ల తేడా నిలువునా 30 మి.మీ. అవుతుంది. 50లో సరిపోయిన లాట్ 100లో సరిపోకపోవచ్చు, కాబట్టి లాట్ పరీక్ష ఆ దూరంలోనే, నిలువు చెదురును అడ్డం చెదురు నుంచి విడిగా కొలుస్తూ చేయండి. అక్కడ 10 మీటర్ల దగ్గర, 50 దగ్గర, 80 దగ్గర మూడు జెండాలు పెట్టుకుంటే మంచిది.